ప్రేమకథకు పద్దుల పుస్తకం: జార్జెట్ హేయర్ జీవితం, రచన

(రికార్డింగ్ నుంచి రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం మనం మాట్లాడుకునేది జార్జెట్ హేయర్ అనే ఇంగ్లీషు నవలా రచయిత్రి గురించి. మీలో కొందరు ఆమె పుస్తకాలు చదివే ఉంటారు. అద్దె లైబ్రరీల్లో, అబిడ్స్ ఆదివారం పాతపుస్తకాల వరసల్లో చాలా ఏళ్లుగా కనిపిస్తున్న పేరే అది. అట్ట మీద పొడుగు గౌను వేసుకున్న అమ్మాయి, వెనక గుర్రబ్బండి. ఆ అట్ట చూసి పక్కన పెట్టేసినవాళ్లు కూడా ఉంటారు. నేను ముఖ్యంగా వాళ్ల కోసమే మాట్లాడతాను.

ఒక ప్రశ్న అడుగుతాను. 1815లో లండన్‌లో ఒక అమ్మాయీ అబ్బాయీ ఇంట్లో చెప్పకుండా లేచిపోయి పెళ్లి చేసుకోవాలనుకున్నారు. ఎంత ఖర్చవుతుంది?

ముందు అసలు ఎందుకు లేచిపోవాలో చూద్దాం. 1753లో ఇంగ్లండులో ఒక పెళ్లి చట్టం చేశారు, 1754 నుంచి అమలైంది. 21 ఏళ్లు నిండనివాళ్లు లైసెన్సు మీద పెళ్లి చేసుకోవాలంటే తండ్రి గానీ సంరక్షకుడు గానీ ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదా, ఆ పెళ్లి చెల్లదు. లైసెన్సు వద్దనుకుంటే మూడు ఆదివారాలు చర్చిలో అందరి ముందూ ప్రకటన చదవాలి. తండ్రి అక్కడే లేచి కాదనవచ్చు. స్కాట్లండుకు మాత్రం ఈ చట్టం వర్తించదు. సాక్షుల ముందు ఇద్దరూ మేం భార్యాభర్తలం అంటే చాలు. అందుకే సరిహద్దు దాటగానే తగిలే గ్రెట్నా గ్రీన్ అనే చిన్న ఊరికి అంత పేరు వచ్చింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. లండన్ నుంచి గ్రెట్నాకు దాదాపు 320 మైళ్లు. అద్దెకు దొరికే పోస్ట్ చెయిజ్ అనే బండి ఎక్కుతారు. సాధారణంగా పసుపురంగులో ఉంటుంది, ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు, ముగ్గురైతే ఇరుక్కోవాలి. దానికి బండివాడు కూర్చునే చోటు ఉండదు, గుర్రం మీదే కూర్చుని తోలేవాడు ఉంటాడు. 10, 15 మైళ్లకోసారి సత్రం దగ్గర గుర్రాలు మార్చాలి. రెండు గుర్రాలకు మైలుకు సుమారు ఒక షిల్లింగు మూడు పెన్నీలు (షిల్లింగుకు 12 పెన్నీలు, పౌండుకు 20 షిల్లింగులు). ప్రాంతాన్ని బట్టి, దాణా ధరను బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది. 320 మైళ్లకు 400 షిల్లింగులు, అంటే 20 పౌండ్లు. వెనక తండ్రి తరుముకొస్తున్నాడు కాబట్టి నాలుగు గుర్రాలు కట్టించాలి. అప్పుడు 40 పౌండ్లు. తోలేవాళ్లకు ఇనాం, టోల్‌గేట్ల దగ్గర సుంకం, దారిలో తిండి దీనికి అదనం. ఇంటి పనిమనిషి ఏడాది జీతం 10 పౌండ్ల చుట్టుపక్కల ఉన్న కాలం అది. ఆగకుండా పోయినా ఒకటిన్నర రోజు పైనే పడుతుంది.

ఇందులో ప్రేమకథ ఎక్కడుంది అనిపిస్తోందా? ఇందులోనే ఉంది. జేబులో 40 పౌండ్లు లేని అబ్బాయి ఏం చేస్తాడు? రెండు గుర్రాలతో బయల్దేరతాడు. వెనకవాళ్లు నాలుగు గుర్రాలతో వచ్చి పట్టుకుంటారు. లేదా మూడో మజిలీలో డబ్బయిపోతుంది. లేదా అమ్మాయికి బండి కుదుపుకు కడుపులో తిప్పుతుంది, సత్రంలో దిగక తప్పదు, ఆ సత్రంలో ఇంకెవరో తెలిసినవాళ్లు తారసపడతారు. సన్నివేశం దానంతటదే వచ్చింది. రచయిత కల్పించాల్సిన పనే లేదు, లెక్క తప్పకుండా వేస్తే చాలు. హేయర్ నవలల్లో హాస్యం పుట్టే పద్ధతి ఇదే. ఈ ఒక్క విషయం పట్టుకునే ఇవాళ మొత్తం మాట్లాడతాను.

రీజెన్సీ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. మూడో జార్జి రాజుకు మతి స్థిమితం తప్పింది. 1811 ఫిబ్రవరిలో ఆయన కొడుకు రాజప్రతినిధి అయ్యాడు. 1820 జనవరిలో ముసలి రాజు చనిపోయేదాకా, అంటే తొమ్మిదేళ్లు, అది రీజెన్సీ కాలం. ఆ తొమ్మిదేళ్లలోనే నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధం, మగ్గాలు బద్దలుకొట్టిన లడ్డైట్ల తిరుగుబాటు, 1816లో వేసవే రాని సంవత్సరం, ధాన్యం చట్టాలు, వాల్ట్జ్ నాట్యం, వీధుల్లో గ్యాసు దీపాలు. ఇంత చిన్న కాలంలో ఇంత సందడి కాబట్టి నవలకు బాగా కుదిరింది. ఇవాళ రీజెన్సీ రొమాన్స్ పేరుతో ఇంగ్లీషులో ఒక పెద్ద శాఖే ఉంది. పడకగది తలుపు దగ్గరే ఆగిపోయి, మాటల చమత్కారం మీద, మర్యాదల మీద నడిచే కథల్ని సంప్రదాయ రీజెన్సీ అంటారు. ఆ సంప్రదాయానికి దారి వేసింది హేయర్. 1935లో వచ్చిన రీజెన్సీ బక్ ఆ కాలం మీద ఆమె రాసిన మొదటి నవల.

ఆమె పుట్టింది 1902 ఆగస్టు 16న, లండన్‌లోని వింబుల్డన్‌లో. తండ్రి జార్జి హేయర్ బడిపంతులు. తాత రష్యా నుంచి వలసొచ్చిన బొచ్చుతోళ్ల వ్యాపారి. ఇద్దరు తమ్ముళ్లు. పెద్ద తమ్ముడు బోరిస్‌కు రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు ఉండేది. అతనికి ఒంట్లో బాగోక హేస్టింగ్స్ అనే సముద్రతీరపు ఊళ్లో ఉన్నప్పుడు, కాలక్షేపానికి ఈమె ఒక సాహసకథ అల్లి చెప్పింది. అప్పుడామెకు 17 ఏళ్లు. తండ్రి విని, దీన్ని అచ్చుకు పంపుదాం అన్నాడు. 1921లో ద బ్లాక్ మాత్ పేరుతో అచ్చయింది. అప్పటికి రచయిత్రికి 19 ఏళ్లు.

1925 ఆమెకు చాలా బరువైన సంవత్సరం. రోనాల్డ్ రూజియర్ అనే గనుల ఇంజనీరుతో పెళ్లి నిశ్చయమైంది. జూన్‌లో తండ్రి, కాబోయే అల్లుడితో టెన్నిస్ ఆడి వచ్చి గుండెపోటుతో పోయాడు. ఆగస్టులో పెళ్లి జరిగింది. తమ్ముళ్ల భారం కొంత ఈమె మీద పడింది. అప్పట్నుంచి రాత ఆమెకు సరదా వ్యాపకం కాదు, ఇల్లు గడిచే దారి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని దగ్గరికి మళ్లీ వస్తాం. 1926లో దీజ్ ఓల్డ్ షేడ్స్ వచ్చింది. ప్రచారం ఏమీ చేయకుండానే లక్షా 90 వేల ప్రతులు పోయిందని చెబుతారు. అప్పుడు ఆమెకు ఒకటి అర్థమైంది: పుస్తకం అమ్ముడుపోవడానికి రచయిత ముఖం చూపించక్కర్లేదు. ఇక బతికున్నంతకాలం ఇంటర్వ్యూలకు దూరంగానే ఉంది.

భర్త ఉద్యోగం వల్ల టాంగన్యీకా వెళ్లింది, అంటే ఇవాళ్టి టాంజానియా. అడవిలో ఏనుగుగడ్డితో కట్టిన గుడిసెలో కాపురం. అక్కడ కూర్చుని 1745 నాటి ఇంగ్లండు మీద ద మాస్కరేడర్స్ అనే నవల రాసింది. చుట్టూ లైబ్రరీ లేదు, అడగడానికి మనిషి లేడు. తర్వాత పరిశీలించినవాళ్లు కాలానికి పొసగని తప్పు ఎన్ని పట్టుకున్నారో తెలుసా? ఒక్కటి. వైట్స్ అనే క్లబ్బు తెరిచిన ఏడాదిని ఒక సంవత్సరం ముందుకు జరిపిందట. అంతే. ఆ వయసుకే ఎంత సరుకు తలలో మోసుకు తిరిగేదో చూడండి.

అక్కణ్నుంచి మాసిడోనియా వెళ్లారు. అక్కడ పళ్ల డాక్టరు మత్తుమందు సరిగ్గా ఇవ్వక ప్రాణం మీదికి వచ్చింది. 1929లో ఇంగ్లండు తిరిగొచ్చారు. భర్త వేరే వ్యాపారాలు చూశాడు, ఆటసామాను దుకాణం నడిపాడు, చివరికి లా చదివి బారిస్టర్ అయ్యాడు. అదంతా కుదురుకునేదాకా ఇంటి ఆదాయం ఎక్కువగా ఈమె కలం మీదే. 1932లో కొడుకు పుట్టాడు. ఆ రోజుల్లో చాలా ఏళ్లపాటు ఏడాదికి ఒక ప్రేమకథ, ఒక డిటెక్టివ్ నవల చొప్పున రాసింది. డిటెక్టివ్ నవలలకు హత్య ఎలా జరిగిందో భర్త చెప్పేవాడు, మనుషుల్నీ మాటల్నీ ఈమె పెట్టేది. అలా 12 వచ్చాయి.

సరే, ఇప్పుడు ఆమె పని బల్ల దగ్గరికి వద్దాం. ఇది కాస్త నిదానంగా చెబుతాను, మీలో రాసేవాళ్లున్నారు కాబట్టి.

ఇంట్లో చరిత్రకు సంబంధించిన పుస్తకాలే వెయ్యి దాకా ఉండేవి. మామూలు చరిత్ర పుస్తకాలతో పాటు నిఘంటువులు, నశ్యం డబ్బాల చరిత్ర, దారి చూపే బోర్డుల చరిత్ర, దుస్తుల చరిత్ర కూడా. చదివింది ఏదైనా నోటుబుక్కుల్లో, కార్డుల్లో విషయాల వారీగా ఎక్కించేది. అందం, రంగులు, దుస్తులు, టోపీలు, ఇంటి సామాను, ధరలు, దుకాణాలు. ఒక ఫలానా సంవత్సరంలో కొవ్వొత్తుల ధర ఎంత? ఉంది కార్డు. బండి చక్రం ఎలా ఉంటుంది, గౌను భుజం కుట్టు ఎలా వస్తుంది? బొమ్మ గీసి ఉంది.

కొవ్వొత్తి ధర ఎందుకు అంటారా? మైనపు కొవ్వొత్తి ఖరీదు, కొవ్వుతో చేసింది చవక, పైగా వాసన కొడుతుంది. ఒక ఇంటి హాల్లోకి పాత్ర అడుగుపెట్టగానే ఏ కొవ్వొత్తులు వెలుగుతున్నాయో చెబితే, ఆ ఇంటి పరపతి, యజమాని పిసినారితనం, అప్పులున్నా డాబు వదలని బుద్ధి, ఏదైనా ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. తెలిసిందంతా పేజీ మీద కుమ్మరించదు ఆమె. పాత్ర ఆ క్షణంలో గమనించేది మాత్రమే రాస్తుంది. రీజెన్సీ బక్ రాసేటప్పటికి ఆ అదుపు ఇంకా రాలేదు, కొన్నిచోట్ల సమాచారం బరువు తెలుస్తుంది. 1950లు వచ్చేసరికి ఎక్కడా తెలియదు.

ఆమె ఎంత పట్టుదల మనిషో చెప్పడానికి 1937 నాటి యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ చాలు. వాటర్లూ యుద్ధం మీద నవల. ఆ యుద్ధంలో ఇంగ్లీషు సైన్యాన్ని నడిపిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అందులో ఒక పాత్ర. ఆయన నోట పలికించిన ప్రతి మాటా ఆయన నిజంగా అన్నదో రాసిందో అయ్యుండాలని నియమం పెట్టుకుంది. ఆయన వాక్యం నడక పట్టుకోవడానికి వెల్లింగ్టన్ స్వయంగా రాసిన ఉత్తరం ఒకటి డబ్బిచ్చి కొనుక్కుంది. ఆ యుద్ధవర్ణన ఎంత నికరమంటే శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో పాఠంగా వాడారని చెబుతారు. ఒక ప్రేమకథల రచయిత్రి రాసిన అధ్యాయాలు సైనికాధికారులకు పాఠమా? అవును, ప్రేమకథల రచయిత్రే.

ఇప్పుడు మీరే ఒక రీజెన్సీ కథ రాయబోతున్నారనుకోండి. లేదా మన దగ్గరి ఏదైనా పాతకాలం మీద రాయబోతున్నారు, పద్ధతి అదే. ఎక్కడ మొదలుపెట్టాలి?

సంవత్సరం, నెల ఖాయం చేసుకోవాలి. రీజెన్సీ అని గాలికి వదిలేస్తే పనికిరాదు. 1817 నవంబరు అనుకున్నారా? ఆ నెల 6న యువరాణి షార్లెట్ ప్రసవంలో చనిపోయింది, దేశమంతా సంతాప దుస్తులే. అప్పుడు మీ నాయిక గులాబిరంగు గౌనులో నాట్యానికి వెళ్లిందని రాస్తే చెల్లదు. లండన్‌లో పెళ్లిసంబంధాల సందడి ముఖ్యంగా ఈస్టర్ తర్వాత నుంచి ఎండాకాలం దాకా. నవంబరు నుంచి మగవాళ్లు నక్కల వేటకు పల్లెల్లో ఉంటారు. వారం కూడా చూసుకోవాలి. వాటర్లూ జరిగింది ఆదివారం. చంద్రుణ్నీ చూసుకోవాలి. పల్లెటూరి విందులు, నాట్యాలు పౌర్ణమి దగ్గర్లో పెట్టుకునేవారు, రాత్రి బండ్లు ఇంటికి చేరాలి కదా.

తర్వాత బిరుదులు. కొత్తగా రాసేవాళ్లు అన్నిటికంటే ఎక్కువ తప్పేది ఇక్కడే. పైనుంచి డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. ఆ కింద బారోనెట్, నైట్. బారోనెట్ బిరుదు కొడుక్కి వస్తుంది, నైట్ బిరుదు రాదు. సర్ అనే మాట మనిషి సొంతపేరుకే తగులుతుంది, ఇంటిపేరుకు కాదు. లేడీ అన్న మాట సొంతపేరు ముందు వచ్చిందంటే ఆమె డ్యూక్, మార్క్విస్, ఎర్ల్‌లలో ఒకరి కూతురు. నైట్ భార్య అయితే లేడీ పక్కన ఇంటిపేరే. ఈ తేడా తెలియకపోతే ఎవరు ఎవరికి లొంగి మాట్లాడాలో తెలియదు, సంభాషణంతా చెడుతుంది. ఇంకొకటి, బిరుదును వీలునామాలో రాసి ఇవ్వడం కుదరదు, దత్తుడికి రాదు. కోపమొచ్చి కొడుకును కాదని మేనల్లుణ్ని ఎర్ల్‌ను చేసే తండ్రి కథల్లో కనిపిస్తే, ఆ కథ అక్కడే కూలింది. డ్యూకులు ఆ కాలంలో రాజకుటుంబం కాకుండా రెండు మూడు డజన్లకు మించి లేరు. ఇవాళ్టి నవలల్లో వీధికొక పడుచు డ్యూక్ ఉంటాడు.

ఆ తర్వాత డబ్బు. పది వేల పౌండ్ల కట్నం అంటే ఏమిటి? నూటికి ఐదు చొప్పున వడ్డీ వేస్తే ఏడాదికి 500 పౌండ్లు, నాలుగు చొప్పున అయితే 400. ఆ ఇల్లు బండి పెట్టగలదా, ఎంతమంది పనివాళ్లు, అన్నీ ఆ అంకెలోంచే వస్తాయి. పెళ్లయ్యాక భార్య చరాస్తి చట్టప్రకారం భర్తది. అందుకే పెళ్లికి ముందే వకీళ్లు కూర్చుని ఒప్పందం రాసేవారు: చేతిఖర్చుకు ఇంత, భర్త పోతే ఇంత, కూతుళ్లకు ఇంత. మన పాఠకులకు ఈ భాగం వివరించక్కర్లేదు, సంబంధం మాట్లాడే పెద్దల మధ్య కూర్చున్నవాళ్లే కదా మనమంతా.

చిన్న వస్తువుల దగ్గర కూడా జాగ్రత్త. రాపిడికి వెలిగే అగ్గిపుల్ల 1820ల చివర్లో గానీ రాలేదు. రీజెన్సీలో దీపం వెలిగించాలంటే చెకుముకి డబ్బా తీయాలి, లేదా పొయ్యిలోంచి నిప్పు తేవాలి. చీకట్లో చప్పుడు విని చటుక్కున దీపం వెలిగించిన నాయిక అంటే అబద్ధం. ఉత్తరానికి డబ్బు కట్టేది అందుకున్నవాళ్లు, 1840 దాకా. కాగితం పెరిగితే ఖర్చు పెరుగుతుంది, కాబట్టి రాసిన కాగితాన్నే అడ్డంగా తిప్పి గీతల మీద గీతలు రాసేవారు. పార్లమెంటు సభ్యుడి సంతకం ఉంటే ఉచితం. ఇప్పుడు ఆలోచించండి, పేద అమ్మమ్మకు పది పేజీల ఉత్తరం రాసే మనవరాలు ప్రేమ చూపిస్తున్నట్టా, అమ్మమ్మ చేత ఖర్చు పెట్టిస్తున్నట్టా? ఇదిగో, మళ్లీ సన్నివేశం పుట్టింది.

ఈ పద్ధతి పూర్తిగా పండిన నవల 1961లో వచ్చిన ఎ సివిల్ కాంట్రాక్ట్. ఆడమ్ అనే సైనికాధికారి, తండ్రి హఠాత్తుగా పోవడంతో వైకౌంట్ అయ్యాడు. చూస్తే మిగిలింది అప్పులే. భూమి తాకట్టులో ఉంది. ప్రేమించిన అమ్మాయి అందగత్తె, కానీ ఆమె తెచ్చేది ఈ అప్పులకు ఏమూలా చాలదు. ఒక వ్యాపారి కూతురు జెన్నీని చేసుకుంటాడు. అందగత్తె కాదు, బొద్దుగా ఉంటుంది, నేల మీద నడిచే మనిషి. మామగారు ఛాలీ కూతురి మీద ప్రేమతో ఇంటినిండా ఖరీదైన సామాను కుమ్మరిస్తుంటాడు. అల్లుడికి ఊపిరాడదు. ఎక్కడా పెద్ద సంఘటన లేదు. పొలంలో నీరు తీయడం, నార్ఫోక్‌లోని కోక్ గారి సేద్యం పద్ధతులు, భోజనాల ఏర్పాట్లు, ఇవే. చివర్లో వాటర్లూ. ఓడిపోయామని లండన్‌లో పుకారు, స్టాక్ ఎక్స్ఛేంజిలో ధరలు పడిపోతున్నాయి. మామగారు అంతా అమ్మెయ్యమంటాడు. వెల్లింగ్టన్ కింద పనిచేసిన ఆడమ్‌కు ఆయన ఓడడని నమ్మకం, అందినకాడికి కొంటాడు. గెలుస్తాడు. అప్పటిదాకా మామ సొమ్ముతో బతికిన మనిషి మొదటిసారి తన కాళ్లమీద నిలబడతాడు, అప్పుడే భార్య ఎవరో అతనికి కనబడటం మొదలవుతుంది. తొలిప్రేమ తిరిగి రాదు. వచ్చేది అలవాటులోంచి, నమ్మకంలోంచి పెరిగిన మరో ప్రేమ. ఆ ముగింపు చప్పగా ఉందనే పాఠకులు ఉన్నారు. నాకు మాత్రం ఆమె పుస్తకాలన్నిటిలోకీ అదే గొప్పది.

అలాగే 1953 నాటి కొటిలియన్. నాయకుడు ఫ్రెడ్డీ వీరుడు కాడు, పెద్ద తెలివిగలవాడూ కాడు. బట్టల గురించి బాగా తెలుసు, ఎక్కడ ఎలా మసలుకోవాలో తెలుసు. అందరూ ఆవేశంగా ప్రేమ, పారిపోవడం అంటున్నప్పుడు, పెళ్లికి ప్రత్యేక లైసెన్సు కావాలన్న సంగతి గుర్తుపెట్టుకున్నవాడు అతనే. ఆచారం తెలిసినవాడే నాయకుడయ్యాడు. హేయర్ నమ్మకం మొత్తం ఆ పాత్రలో ఉంది.

మరి ఇంత అమ్ముడైన రచయిత్రి సుఖంగా ఉందా? పన్ను అధికారులతో జీవితాంతం పెనుగులాటే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండులో ఎక్కువ ఆదాయానికి పన్ను శాతం విపరీతం. పాత పన్ను కట్టడానికి కొత్త పుస్తకం, ఆ కొత్త పుస్తకం ఆదాయం మీద మళ్లీ పన్ను. హక్కుల కోసం హెరన్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ పెట్టుకున్నారు. సలహాదారులు సరిగ్గా చూడక అక్కడా చిక్కులే. 1966లో ఆ కంపెనీని బుకర్ సంస్థ కొన్నాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

దీనివల్ల సాహిత్యానికి జరిగిన నష్టం ఒకటుంది. ఆమె మనసంతా మధ్యయుగం మీద. అయిదో హెన్రీ తమ్ముడు, బెడ్‌ఫర్డ్ డ్యూక్ జాన్ జీవితం మీద పెద్ద నవలాత్రయం రాయాలని ఏళ్లతరబడి సరుకు కూడబెట్టింది. ప్రతిసారీ పన్ను నోటీసు, పాఠకుల ఒత్తిడి, ఆ పని పక్కన పెట్టి ఇంకో రీజెన్సీ. 1974 జూలై 4న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయేనాటికి ఆ నవల సగంలో ఉంది. మై లార్డ్ జాన్ పేరుతో 1975లో అచ్చు వేశారు. నిజం చెప్పాలంటే ఆ పుస్తకం బరువుగా నడుస్తుంది. ఆమె గొప్పగా రాయాలనుకున్నది ఒకటి, గొప్పగా రాసింది మరొకటి.

ఇక అనుకరణల సంగతి. ఆమె పేరు పెరిగేకొద్దీ ఆమెలా రాసేవాళ్లు పెరిగారు. 1961లో ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది, ఫలానా రచయిత్రి పుస్తకాల్లో మీ పాత్రలు, మీ మాటలు ఉన్నాయని. హేయర్ కూర్చుని జాబితా తయారుచేసింది. రెండు సాక్ష్యాలు చాలా బలమైనవి. ఒకటి, నలుగురిలో నవ్వులపాలవడం అనే అర్థంలో ఒక ఆనాటి పలుకుబడి. దాన్ని హేయర్ సంపాదించింది బయట దొరకని, సొంతంగా అచ్చువేయించుకున్న ఒక జ్ఞాపకాల పుస్తకంలోంచి. అది రెండో రచయిత్రికి ఎలా తెలిసింది? రెండోది ఇంకా స్పష్టం. చరిత్రలో జరిగినట్టుగా ఆ రచయిత్రి వాడుకున్న ఒక సంఘటన అసలు జరగనే లేదు, హేయర్ తన నవల కోసం కల్పించింది. పత్రికలకు చెప్పమని వకీళ్లు అన్నారు, ఈమె ఒప్పుకోలేదు. అనుకరించినవాళ్లు యాస తీసుకున్నారు, టోపీలు తీసుకున్నారు. మైళ్లు, పౌండ్లు, చట్టం తీసుకోలేదు. అందుకే ఆ పుస్తకాల్లో మాటలు ఆమెవే అయినా నవ్వు రాదు.

లోపాలు చెప్పకపోతే ఆమెను గౌరవించినట్టు కాదు. ఆమె చూసింది పైన ఉన్న కొన్ని వందల కుటుంబాల్ని. కింద ఉన్నవాళ్లు ఎక్కువగా నౌకర్లుగా, నవ్వించేవాళ్లుగా వస్తారు. అరబెల్లా అనే నవలలో పొగగొట్టాలు శుభ్రం చేసే పసివాణ్ని నాయిక కాపాడే ఘట్టంలాంటివి అరుదు. 1950 నాటి ద గ్రాండ్ సోఫీలో ఒక యూదు వడ్డీవ్యాపారి ఉన్నాడు. చిత్రణ అసహ్యంగా ఉంటుంది. యూరప్‌లో లక్షలాది యూదుల్ని చంపిన యుద్ధం ముగిసి అయిదేళ్లు, అయినా ఆ పేజీలు అలా రాసింది. కాలం అలాంటిదని సర్దిచెప్పడానికి వీల్లేదు, ఆ పుస్తకం చదివేవాళ్లు ముందే తెలుసుకుని చదవాలి.

ఇంకొకటి మనకు సంబంధించింది. బ్లాక్ షీప్‌లో నాయకుడు ఇండియాలో డబ్బు చేసుకుని ఇంగ్లండు తిరిగొచ్చినవాడు. ఆ డబ్బు ఎలా వచ్చిందో నవల అడగదు. మన కోస్తా జిల్లాలు, అప్పట్లో ఉత్తర సర్కారులు, 1760ల నుంచే ఈస్టిండియా కంపెనీ చేతిలోకి వెళ్లాయి. శిస్తు ఇక్కడ, సరదా అక్కడి బాత్ నగరంలో. కొవ్వొత్తి ధర వెతికి పట్టుకున్న మనిషి ఈ పద్దు మాత్రం తెరవలేదు. మన నుంచి ఎవరైనా ఆ కాలం మీద నవల రాస్తే, మచిలీపట్నం చీటిగుడ్డ నేసినవాడి దగ్గర నుంచి లండన్ దుకాణం దాకా లెక్క కట్టి రాయవచ్చు. హేయర్ కార్డుల పద్ధతి దానికీ పనికొస్తుంది.

ఆమె దాచుకున్న అభిమాని ఉత్తరం ఒకటుంది. రుమేనియాలో 12 ఏళ్లు రాజకీయ ఖైదీగా ఉన్న ఒక స్త్రీ రాసింది. జైల్లో తోటి ఖైదీలకు ఫ్రైడేస్ చైల్డ్ కథను మళ్లీమళ్లీ చెప్పి, అందరూ మతి చెడకుండా ఉండగలిగామని. పుస్తకం చేతిలో లేదు, జ్ఞాపకం నుంచి చెప్పింది. ఎందుకు చెప్పగలిగింది? ఒక సంఘటన తర్వాత ఇంకోటి కారణంతో అల్లుకుని ఉంది కాబట్టి. వదులుగా అల్లిన కథ అలా గుర్తుండదు.

చివరగా, ఏది ముందు చదవాలి అని ఎలాగూ అడుగుతారు. కొత్తవాళ్లు కొటిలియన్‌తో మొదలుపెట్టండి. మొదటి 50 పేజీల్లో పలుకుబళ్లు కష్టంగా ఉంటాయి, నిఘంటువు తీయకండి, సందర్భంలోంచి తెలిసిపోతుంది. తర్వాత ఫ్రెడెరికా. అందులో బెలూన్ ఎక్కే కుర్రాడు, తొక్కుడు పెడళ్లు లేని తొలినాటి సైకిల్, కుక్క చేసే అల్లరి ఉన్నాయి. మూడోది ఎ సివిల్ కాంట్రాక్ట్. నలభై దాటినవాళ్లకు అది ఇంకా బాగా నచ్చుతుంది. యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ చదివేటప్పుడు మాత్రం వాటర్లూ మైదానం పటం ఒకటి పక్కన పెట్టుకోండి, హూగోమాంట్ ఎక్కడుందో, లా హే సాంట్ ఎక్కడుందో తెలియకపోతే ఆఖరి అధ్యాయాలు సగమే అందుతాయి.